కూర్మయ్య ఉపవాసం

రాగిచెంబులో ముప్పాతిక భాగం పంపునీళ్ళు పట్టి, కెటిల్‌లో కాచిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ మోచేయి ముంచి చూస్తున్నాను. పసిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు మా ఊళ్ళో అలాగే చూస్తారు. మోచేతికి వేడీ చల్లనా ఏదీ తెలియకపోతే సరిపోయినట్టు. ఇంకొక గుక్కెడు పడుతుందని కెటిల్ ఎత్తాను.

"అభిషేకానికి కాచిన నీళ్ళు పనికిరావని నీకెన్నిసార్లు చెప్పాలే రాజీ?"

ప్రభావతి మేడమ్ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలోంచి చెంబు లాక్కుని సింకులో కుమ్మరించింది. పంపు తిప్పి మళ్ళీ నిండా పట్టింది.

"బయట చలిగా ఉందండి. తాబేలుకి..."

"తాబేలంటావేంటి? కూర్మయ్య అనలేవూ?"

"కూర్మయ్యకి చలిగా ఉంటదండి."

"సింగపూర్‌లో చలి! బయట ఎవరితోనన్నా అనేవు, నవ్విపోతారు. చలి వాతావరణంలో లేదు, నీ ఒంట్లో ఉంది. పని చెయ్యాలంటే పుట్టే చలి అది."

నిండిన చెంబు నా చేతుల్లో పెట్టి, పూలసజ్జ తీసుకుని ముందు నడిచింది. ఆ నీళ్ళు మనిషికి ఒక లెక్కలోవి కావు. ఒంట్లో సొంత వేడి లేని ప్రాణికి, పైన ఈదురుగాలి కొడుతుంటే, ఆ నీళ్ళే గండం. ఇది మా ఊరి బడిలో సైన్సు మాస్టారు చెప్పిన సంగతి. మేడమ్ నాకంటే చాలా పెద్ద చదువులు చదివింది.

నా పేరు రాజకుమారి. మాది కోనసీమ. ఊళ్ళోనే పదో తరగతి దాకా చదువుకుని, ఏజెంటు ద్వారా ఈ ఇంట్లో పనికి వచ్చి రెండేళ్ళు దాటింది. మొదటి రోజే మేడమ్ "రాజకుమారి అని పిలుస్తుంటే ఎవరు ఎవరికి పని చేస్తున్నారో తెలీదు" అని నన్ను రాజీని చేసింది. ఆ రోజే తాబేలును నాకు అప్పగించింది. "కూర పాడైతే మళ్ళీ వండుకుంటాం. దీనికేమన్నా అయిందో, మర్నాడు నువ్వు విమానంలో ఉంటావ్" అంది. ఆ మాట ఆ తరవాత లెక్కలేనన్నిసార్లు విన్నాను.

ఇల్లు సెంగ్‌కాంగ్‌లో ఒక కాండోలో, అంటే కాపలా ఉన్న అపార్టుమెంట్లలో, కింది అంతస్తు. హాలు దాటితే చుట్టూ గోడ, ఒక చిన్న గేటు ఉన్న పెరడు. మేడమ్ భర్త మల్లికార్జునరావు సార్ తంజోంగ్ పగార్‌లో ఆఫీసుకు తెల్లవారకముందే వెళ్ళిపోతారు. తాబేలు నిజానికి వాళ్ళమ్మాయి కీర్తికది. ఆ పిల్ల ఏడో పుట్టినరోజుకు పెట్‌షాపులో కొన్నారట. చిక్కటి కాఫీ రంగులో ఉందని దానికి 'కోపి' అని పేరు పెట్టుకుంది. ఇక్కడ కాఫీని అలాగే అంటారు. ఇప్పుడు కీర్తికకు పదిహేనేళ్ళు. కోపి సంగతి మర్చిపోయి చాలా కాలమైంది.

రెండు అరచేతులు కలిపి దోసిలి పడితే ఎంతో, తాబేలు అంత. వీపు గుండ్రంగా బోర్లించిన గిన్నెలా ఉంటుంది. ముఖం మీద పసుపు చారలు. పొట్టకింది పెంకు మడతపడుతుంది. ఎవరైనా ముట్టుకుంటే తల, కాళ్ళు లోపలికి లాక్కుని ముందూ వెనకా రెండు తలుపులూ బిగించేసుకుంటుంది. మధ్యలోకి వేలిగోరు కూడా దూరదు. నాకు ఆ ఇంట్లో బాగా నచ్చిన విషయం అదే.

తాబేలు ఈశాన్యంలో ఉంటే ఇంటికి మంచిదని మేడమ్‌కి ఎవరో చెప్పారు. అప్పటినుంచి పెరట్లో ఈశాన్య మూల, గ్రానైట్ అరుగు మీద, ఇత్తడి పళ్ళెంలో దాని కాపురం. ఏడాదిలో పది నెలలు ఆ మూలకు వంక పెట్టడానికి లేదు. కానీ డిసెంబరు, జనవరుల్లో ఇక్కడ వాన వచ్చేది ఆ దిక్కునుంచే. ఖాళీ మైదానం మీదుగా వచ్చిన గాలి రెండు బ్లాకుల సందులో దూరి తిన్నగా ఆ మూలనే కొడుతుంది. వారం రోజులుగా సూర్యుడు లేడు. బట్టలు ఆరడం లేదు. లిఫ్టు దగ్గర తెర మీద ఇరవై రెండు డిగ్రీలని చూపిస్తోంది. పక్క బ్లాకు చైనీస్ అంకుల్ ఊలు టోపీ పెట్టుకుని కుక్కను తిప్పుతున్నాడు. కుక్కకు కూడా స్వెట్టరుంది. మా ఇంటి తాబేలుకు మాత్రం రోజూ తెల్లవారుజామున తలస్నానం.

ఈ స్నానాల కథ కిందటి ఏడు మొదలైంది. సరిగ్గా ధనుర్మాసం పట్టిన రోజునే వాన పట్టింది. తాబేలు తిండి మానేసి ముడుచుకుంది. మేడమ్ ఆ నెలంతా పొద్దున్నే చుట్టుపక్కల ఆడవాళ్ళను నలుగురినీ పోగేసి తిరుప్పావై చదివిస్తుంది. వాళ్ళలో ఎదురు బ్లాకు లలితకుమారి ఆంటీ ఒకరోజు తాబేలును చూసి, "ప్రభా, నెలపట్టిన దగ్గర్నుంచీ ఇది మెతుకు ముట్టట్లేదంటున్నావ్. ఉపవాసం కాకపోతే ఇంకేంటే అది?" అంది. ఆ క్షణంలో కోపి కూర్మయ్య అయిపోయింది. రోజూ అభిషేకం, తులసిదళం, హారతి. ముక్కోటి ఏకాదశి నాడు అందరూ చూస్తుండగా కూర్మయ్య తల బయటపెట్టి, పళ్ళెం దిగి, నాలుగడుగులు నడిచి, ప్రసాదంలోని బొప్పాయి ముక్క నోట కరిచింది. లలితకుమారి ఆంటీ ఏడ్చేసింది. ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్ళింది.

అది ఎలా జరిగిందో నాకొక్కదానికే తెలుసు.

మేడమ్ మధ్యాహ్నాలు గది తలుపేసుకుని ఆన్‌లైన్‌లో పిల్లలకు శ్లోకాలు నేర్పుతుంది. రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలూ తాబేలు నేను పడుకునే స్టోరుగదిలో నా దగ్గర ఉండేది. సార్ నడుంనొప్పికి వాడే రబ్బరు సంచిలో వేణ్ణీళ్ళు నింపి, మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద కూర్చోబెట్టేదాన్ని. పావుగంటకు మెడ సాగేది. అరగంటకు కళ్ళు తెరిచేది. ముప్పావు గంటకు ఆకలేసేది. పూలకుండీలు తవ్వి వానపాములు పెట్టేదాన్ని. మా ఊరి పంటకాలువలో తాబేళ్ళు చలిరోజుల్లో ఎండెక్కేదాకా పైకి రావు. వచ్చాక గట్టు మీద గంటసేపు వీపు కాచుకుంటే గాని దేన్నీ నోట పెట్టవు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చూసినదే నాకు తెలిసిన వైద్యం.

ముక్కోటి నాడైనా చెప్పి ఉండాల్సింది. కానీ ఆ రోజు మేడమ్ నాకో కొత్త చీర పెట్టి, "నీ చేతి సేవ కూడా ఉందిలే" అంది. ఆ ఇంట్లో నేను విన్న మంచిమాట అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు. నోరు మూసుకున్నాను.

ఆ మౌనం ఈ ఏడు తాబేలు మెడకు చుట్టుకుంది. ఈసారి మేడమ్ ఒక పాత ఫోనును ప్లాస్టిక్ కవర్లో పెట్టి పూలకుండీల స్టాండుకు కట్టించింది. పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్మయ్య దర్శనం లైవ్. 'కూర్మయ్య సేవ' గ్రూపులో రెండొందల పైచిలుకు మంది ఉన్నారు. క్లెమెంటిలో గదులద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు పరీక్షకు వెళ్తూ దణ్ణం పెడతారు. షిప్‌యార్డులో పనిచేసే మావైపు మగవాళ్ళు టీ వేళకు చూస్తారు. ఎప్పుడూ ఎవరో ఒకరి కన్ను దాని మీద ఉంటుంది. రాత్రి పెరటి తలుపు తాళంచెవి మేడమ్ దగ్గర ఉంటుంది. మొదటి రోజు మధ్యాహ్నం నేను పళ్ళెం ఎత్తానో లేదో, గదిలో శ్లోకం మధ్యలో మేడమ్ ఫోను మోగింది.

అందుకని ఉన్నచోటే వెచ్చగా పెట్టాలని చూశాను. పళ్ళెం కింద గోనెపట్ట పరిచాను. మైలగుడ్డ అని తీయించింది. గాలికి అడ్డంగా అట్టపెట్టెతో గూడు చేశాను.

"దేవుడికి అట్టపెట్టేంటే? కొరియర్లో వచ్చాడా?" అని దాన్ని చెత్తలో వేయించింది.

అప్పుడు నాకొకటి అర్థమైంది. ఈ ఇంట్లో చలి అనే మాట ఎత్తకూడదు. మర్నాడు గిన్నెలు తోముతూ, "మేడంగారండి, కూర్మయ్యకి నాలుగుపక్కలా అఖండ దీపాలు పెడితే ఎలాగుంటదండి? ముఖం మీద వెలుగుపడి ఫోనులో బాగా కనపడతారండి" అన్నాను.

ఆవిడ మొదటిసారి నా వైపు తిన్నగా చూసింది. "పర్లేదే. నీ బుర్రలో కూడా అప్పుడప్పుడు ఏదో వెలుగుతోంది."

పెద్ద ప్రమిదలు నాలుగు, బొటనవేలంత వత్తులు. రెండు రోజులపాటు తాబేలు ఒక దీపం పక్కకే జరిగి కూర్చుంది. 'స్వామి జ్యోతిని దర్శిస్తున్నాడు' అని గ్రూపులో రాశారు. మూడో రోజు గాలికి నాలుగూ ఒక్కసారే ఆరిపోయాయి. అఖండ దీపం ఆరడం అరిష్టమని ప్రమిదలు లోపలికి వెళ్ళిపోయాయి. అప్పుడు వైకుంఠ మండపం అన్నాను. అరటిబోదెలు తెప్పించారు. మూడువైపులా దళసరి తెరలు కట్టాను, తెరల వెనక చెక్కపలకలు పెట్టాను. ఆ ఒక్కరోజే తాబేలు కళ్ళు తెరిచింది. సాయంత్రానికి లలితకుమారి ఆంటీ ఫోను చేసి, "పాదదర్శనం కావట్లేదు ప్రభా, తెరలడ్డమొస్తున్నాయ్" అంది. తెరలు పోయాయి, పలకలు పోయాయి. అరటిబోదెలు మాత్రం మిగిలాయి. వాటివల్ల ఏ ఉపయోగమూ లేదు, చూడ్డానికి బాగుంటాయి.

అలా ఇరవై మూడో రోజు వచ్చింది. ముక్కోటికి ఇంకా మూడు రోజులుంది. నేను మొదట చెప్పిన చెంబు సంగతి ఆ రోజు పొద్దుటిదే.

మేడమ్ పాశురం అందుకుంది. నేను నీళ్ళు పోశాను. పోసి, తువ్వాలుతో తాబేలు చంకల్లో తడి అద్దుతుంటే ఏదో చప్పుడైంది. గడియారం ముల్లు కదిలినట్టు టిక్కుమని, వెంటనే సన్నగా ఈలలా. మళ్ళీ టిక్కు, మళ్ళీ ఈల. ఊపిరి తీసినప్పుడల్లా. ముక్కు దగ్గర సబ్బు బుడగలాంటి చిన్న బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది.

లలితకుమారి ఆంటీ కూడా విన్నది. చెవి దగ్గర పెట్టి కళ్ళు మూసుకుంది.

"ప్రభా! ఇటు రా. శబ్దం విను. ఏమనిపిస్తోంది నీకు?"

మేడమ్ వంగి విన్నది. ఆవిడ ముఖంలో ఒక్క క్షణం అనుమానం కనపడింది. నేను చూశాను. తరవాత ఫోను వైపు ఒక చూపు చూసి, "ఓంకారం" అంది.

"ఓంకారమే! నా ఒళ్ళు చూడు, ఎలా గగుర్పొడిచిందో!"

"అది ఆయాసమండి" అన్నాను మెల్లగా.

మేడమ్ నా పక్కనే ఉంది. ముఖం ఫోను వైపు నవ్వుతూనే ఉంది. కింద ఆవిడ చెయ్యి నా జబ్బ పట్టుకుని గోళ్ళు దిగేలా గిల్లింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు ఉద్ధరిణెతో తీర్థం పుచ్చుకుని కళ్ళకద్దుకుని వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక వంటగదిలో అడిగాను. "పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానండి. గంటలో తిరిగొచ్చేస్తానండి. మీరు ఒక్కమాట అంటే చాలండి."

"ఎల్లుండి కాక అవతలెల్లుండి ఎనభై మంది వస్తున్నారు ఈ ఇంటికి. ఉపవాసంలో ఉన్న దేవుడికి సూది పొడిపించి, కట్టు కట్టించి చూపించనా వాళ్ళకి?"

"చచ్చిపోద్దండి."

"నీ నోట్లో మంచిమాట రాదేంటే? పోయినేడు ఇలాగే ఉంది, ఏమైంది? లేచి నడవలేదూ? నువ్వు కళ్ళారా చూడలేదూ?"

నేను పెరటి వైపు చూశాను.

"గడప దాటించి చూడు. దొంగతనమని పోలీసులకు ఫోను చేస్తాను. దాన్ని కొన్న కాగితం మీద కీర్తిక పేరుంది, నీ పేరు కాదు."

ఆ చివరి మాట నాలో ఉండిపోయింది.

సాయంత్రం కీర్తిక స్కూలునుంచి వచ్చి వంటగదిలో బల్ల దగ్గర నూడుల్స్ తింటోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను ఎదురుగా నిలబడితే ఒకటి తీసింది.

"వాట్?"

"పాపగారండి, మీ తాబేలు..."

"పాప అనొద్దు లా. ఎన్నిసార్లు చెప్పాలి." మాట చివర ఆ 'లా' ఇక్కడి పిల్లల అలవాటు.

"కోపికి బాగోలేదండి. ఊపిరాడట్లేదు."

కోపి అన్న పేరు విని ఆ పిల్ల నమలడం ఆపింది. తరవాత మళ్ళీ మొదలుపెట్టింది. "అమ్మ సేస్ ఫాస్టింగ్. గో ఆస్క్ అమ్మ."

"ఉపవాసం కాదండి. జబ్బండి."

"లాస్ట్ ఇయర్ కూడా సేమ్ థింగ్ కదా. నో ఫుడ్, నో మూవింగ్. ఐ వాంటెడ్ టు టేక్ హిమ్ టు ద వెట్, యూ నో? అమ్మతో ఫైట్ చేశాను. దెన్ ముక్కోటికి హీ జస్ట్ గెట్ అప్ అండ్ వాక్. ఎవ్రీబడీ లాఫ్ అట్ మీ." చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టింది. "యూ ఆల్సో. దణ్ణం పెడుతూ నిలబడ్డావ్, కొత్త చీరలో. ఐ సా. సో టెల్ మీ లా. లాస్ట్ ఇయర్ నిజంగా ఫాస్టింగా, కాదా?"

చెప్పడానికి నోరు తెరిచాను. హాల్లో మేడమ్ చెప్పుల చప్పుడైంది. "రాజీ, పొంగలికి పెసరపప్పు ఏరావా?" అంటూ లోపలికి వచ్చింది.

"ఏరుతున్నానండి" అని పప్పు చాట ముందుకు లాక్కున్నాను. ఊళ్ళో అమ్మ, తమ్ముడి చదువు, ఏజెంటు, విమానం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"సీ? నథింగ్ టు సే." కీర్తిక ఇయర్‌ఫోను మళ్ళీ పెట్టుకుంది. "యూ అండ్ అమ్మ, సేమ్ సేమ్."

ఆ పిల్ల నన్ను చాలాసార్లు చాలా మాటలంది. ఏదీ ఇంత సూటిగా తగల్లేదు.

మర్నాడు పొద్దున వాన అడ్డంగా పడుతోంది. ఫోను మీది ప్లాస్టిక్ కవరు టపటపా కొట్టుకుంటోంది. నేను లేవగానే కెటిల్ పెట్టి, సార్ రబ్బరు సంచి నింపి, నా పరుపు మీద దుప్పటి కింద దాచాను. ఎందుకు దాచానో అప్పటికి నాకు స్పష్టంగా తెలియదు. దాన్ని వాడే దారి మాత్రం కనపడలేదు.

పెరట్లోకి వెళ్ళి చూస్తే తాబేలు మెడ నిలువునా పైకి చాపి, నోరు తెరుచుకుని ఉంది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. ముందుకాలు ముట్టుకున్నాను. కాలు లోపలికి లాక్కోబోయింది, సగంలో ఆగిపోయింది. పొట్టకింది తలుపు కొంచెం కదిలింది, మూతపడలేదు. రెండేళ్ళలో మూసుకోకపోవడం అదే మొదటిసారి.

లలితకుమారి ఆంటీ, ఇంకో నలుగురూ గొడుగులు మడుచుకుంటూ వచ్చారు.

"చూశారా, ఆకాశంకేసి ఎలా చూస్తున్నాడో!" అంది మేడమ్. "వైకుంఠద్వారం ఆయనకి ముందే కనపడుతున్నట్టుంది."

"రేపూ ఎల్లుండీ ఇలాగే ఉంటే జనం పట్టరు ప్రభా. క్యూ పెట్టించాల్సిందే."

హాల్లో సోఫా అంచున కీర్తిక స్కూలు యూనిఫాంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. ఒక కాలికి లేసు కట్టింది. రెండో బూటు చేతిలో ఉంది.

"పోయినేడు ఇది ఉపవాసం చెయ్యలేదండి" అన్నాను.

నా గొంతు అంత గట్టిగా రావడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. ఆడవాళ్ళు అటు తిరిగారు. నేను మాత్రం హాలు వైపు చూస్తూ చెప్పాను.

"రోజూ మజ్జానం స్టోరుగదిలో వేణ్ణీళ్ళ సంచి మీద పెట్టేదాన్నండి. వెచ్చబడ్డాక తినేది. నేనే తినిపించానండి."

"ఏం తినిపించావ్?" అంది లలితకుమారి ఆంటీ. "పళ్ళేగా?"

"వానపాములండి. రోజుకి మూడు నాలుగు. ఒకసారి నత్త. ముక్కోటి రోజు పొద్దున్న కూడా రెండు తిన్నదండి, మీరు రాకముందు."

ఎవరో "రామ రామ" అన్నారు. లలితకుమారి ఆంటీ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రభా! మేం తీర్థం తాగామే! నెలంతా తాగామే!"

"అబద్ధం! దాని మాటేంటి లలితా, దానికి పనెగ్గొట్టడానికి ఏదో ఒకటి కావాలి." మేడమ్ చెయ్యి చాపి ఫోను ఆపబోయింది. కవరు తడిగా ఉండి వేలు జారింది. తెర మీద కింద ఏవో అక్షరాలు చకచకా పైకి పోతున్నాయి. రెండోసారీ జారింది. మూడోసారికి వదిలేసి నా వైపు తిరిగింది. "బట్టలు సర్దుకో. ఇవాళే. ఈ క్షణమే. అన్నం పెట్టిన ఇంటి పరువు తీస్తావే? నీకు కళ్ళు పోతాయే!"

"సర్దుకుంటానండి. ముందు దాన్ని వెచ్చగా పెట్టనివ్వండి. ఈ పూట దాటదండి అది."

"నోర్మూయ్!" ఆడవాళ్ళ వైపు తిరిగింది. "చూస్తారేంటి అందరూ? పనిమనిషి మాట పట్టుకుని ఆగిపోతామా? పాశురం అందుకోండి."

ఎవరూ అందుకోలేదు. ఒకావిడ అప్పటికే గొడుగు విప్పుతోంది. మేడమ్ ఒక్కత్తే గొంతెత్తింది. ఒక్కత్తే చెంబు ఎత్తింది. తెరిచిన ఆ చిన్న నోటి మీద, చాచిన మెడ మీద నీళ్ళు పడ్డాయి. తాబేలు తల కూడా తిప్పుకోలేదు. ముక్కు దగ్గర బుడగ పగిలింది, మళ్ళీ ఉబ్బలేదు.

కీర్తిక ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సు. తడిసిన పెరట్లోకి అలాగే నడిచి వచ్చి, పోస్తున్న చెంబు కిందికి రెండు చేతులూ పెట్టి తాబేలును ఎత్తుకుంది. మిగిలిన నీళ్ళు ఆ పిల్ల యూనిఫాం మీద పడ్డాయి.

"కీర్తికా! కింద పెట్టు! నీకు స్కూలుంది! ఎక్కడికే అలాగ?"

నేను లోపలికి పరిగెత్తి నా పరుపు మీది సంచిని, తువ్వాలును తీసుకొచ్చాను. కీర్తిక స్కూలు బ్యాగులోని పుస్తకాలు సోఫా మీద గుమ్మరిస్తోంది. సంచి చాపాను. నా ముఖం చూడకుండానే అందుకుంది. బ్యాగు అడుగున పెట్టింది, మీద తువ్వాలు, తువ్వాలు మీద తాబేలు. వేలితో దాని ముందుకాలు ముట్టుకుంది. కాలు కొంచెం లోపలికి పోయింది. జిప్పు సగం దాకా లాగి, గాలి ఆడడానికి మిగతాది వదిలేసింది.

"అది దేవుడే! వ్రతభంగమే! నీ బాగుకోసమే చేయిస్తున్నానే ఇదంతా!" మేడమ్ గొంతు మారింది. "రాజీ, ఆపవే దాన్ని! ఏయ్, నిన్నే!"

నేను కదల్లేదు. నాకు ఇంక ఆ ఇంట్లో పని లేదు.

ఈశాన్య మూలలో ఇత్తడి పళ్ళెం వాననీళ్ళతో నిండుతోంది. ఫోను ఇంకా దాన్నే చూపిస్తోంది. కీర్తిక బ్యాగును పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు అదుముకుంది. రెండో బూటు లేసు కట్టకుండానే కాలికి తగిలించుకుంది. తల్లి పక్కనుంచి, ఆడవాళ్ళ గొడుగుల మధ్యనుంచి, నా ముందునుంచి నడిచి, పెరటి గేటు తీసి, ఎవరితోనూ ఒక్కమాట అనకుండా వానలోకి వెళ్ళిపోయింది.